పెళ్లి చట్టంపై కేసు పడితే సర్కారు లాయర్ దాన్ని కాపాడాల్సిందేనా? కడప కేసు నుంచి హైదరాబాద్ జంట దాకా..

పెళ్లిచీర కోసం ఎక్కడెక్కడి నుంచో ధర్మవరం వస్తారు. ఆ పెళ్లి నిలవకపోతే మాత్రం వెళ్లేది కోర్టుకే. "కాపురానికి రావడం లేదు, పంపించండి" అంటూ భార్య మీద భర్తో, భర్త మీద భార్యో వేసే కేసులు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం లాయర్లకు కొత్తేమీ కాదు. ఈ కేసులు వేసేది హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 9 కింద. దీన్నే దాంపత్య హక్కుల పునరుద్ధరణ అంటారు.

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, ఈ సెక్షన్‌ను ఒకప్పుడు మన హైకోర్టే కొట్టేసింది. అదీ పక్కనున్న కడప కోర్టులో మొదలైన కేసులో. ఏడాది తిరిగేసరికి సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టేసింది.

పార్లమెంట్ చేసిన చట్టం ఇలా ఇద్దరు మనుషుల గొడవలో కోర్టు బోనెక్కితే, దాని తరఫున ఎవరు మాట్లాడాలి? సర్కారు లాయర్ కచ్చితంగా సమర్థించాలా? ఆ చట్టం తప్పని సర్కారుకే అనిపిస్తే?

కడప కేసులో అసలేం జరిగింది?

సినీ నటి సరితకు 1975 డిసెంబర్ 13న తిరుపతిలో పెళ్లయింది. అప్పటికి ఆమె హైస్కూల్ విద్యార్థిని, వయసు పదహారేళ్లు. పెళ్లయిన వెంటనే భార్యాభర్తలు విడిపోయారు. ఐదేళ్లకు పైగా ఎవరి దారిన వారు ఉన్నారు. ఈలోగా 'మరో చరిత్ర' విడుదలై ఆమె పేరు అందరికీ తెలిసింది. ఆ తర్వాత భర్త కడప సబ్ కోర్టులో సెక్షన్ 9 కింద పిటిషన్ వేశారు. నన్ను విచారించే అధికారం కడప కోర్టుకు లేదని ఆమె వాదించారు. అక్కడ ఒప్పుకోకపోవడంతో హైకోర్టుకు వెళ్లారు. అసలు ఈ సెక్షనే రాజ్యాంగానికి విరుద్ధమన్న వాదన కూడా అక్కడ ముందుకొచ్చింది.

1983 జులై 1న జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు ఇచ్చారు. ఇష్టం లేని మనిషితో కలిసి ఉండమని డిక్రీ ఇవ్వడమంటే, తన శరీరం మీద తనకున్న నిర్ణయాధికారాన్ని తీసుకుని రాజ్యం చేతిలో పెట్టడమేనన్నారు. అది రాజ్యాంగంలోని ఆర్టికల్ 21కి, అంటే జీవించే హక్కుకు, వ్యక్తి స్వేచ్ఛకు విరుద్ధమన్నారు. కాగితం మీద సెక్షన్ ఆడామగా ఇద్దరికీ ఒకటే అయినా, ఆ డిక్రీ వల్ల గర్భం మోయాల్సి వచ్చేది ఆడమనిషే కాబట్టి సమానత్వం కూడా లేదన్నారు. సెక్షన్‌ను కొట్టేశారు.

అదే ఏడాది నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టు దీనికి పూర్తి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. కలిసి ఉండమనడమంటే పడక సుఖం గురించి మాత్రమే కాదని, రాజ్యాంగాన్ని తెచ్చి ఇంట్లో పెడితే సంసారాలు నిలవవని అభిప్రాయపడింది. ఒకే చట్టం. ఆంధ్రాలో చెల్లదు, ఢిల్లీలో చెల్లుతుంది!

1984 ఆగస్టు 8న సుప్రీంకోర్టు ఈ పంచాయితీ తేల్చింది. ఆ కేసు సరితది కాదు, పంజాబ్‌కు చెందిన మరో జంటది. అక్కడ సెక్షన్ 9 కింద కోర్టుకు వెళ్లింది భార్య. భర్త సరేనన్నాడు, డిక్రీ వచ్చింది. ఏడాది గడిచాక, డిక్రీ వచ్చినా కలిసి ఉండలేదు కాబట్టి విడాకులివ్వండని అదే భర్త కోర్టుకెక్కాడు. అంటే కలుపుతానన్న సెక్షనే విడిపోవడానికి మెట్టు అయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ 9ని నిలబెట్టి, చౌదరి తీర్పు సరికాదని చెప్పింది. సంసారం విరిగిపోకుండా ఆపడానికి ఇదొక సాయమని, డిక్రీని ధిక్కరిస్తే ఆస్తి జప్తు చేస్తారే తప్ప మనిషిని లాక్కొచ్చేది లేదని వివరించింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కోట్లమంది పెళ్లిళ్లకు వర్తించే సెక్షన్ భవిష్యత్తు రెండుసార్లూ తేలింది మొగుడూపెళ్లాల ప్రైవేటు గొడవల్లోనే. తన కేసు గెలవడమే అక్కడ ఏ లాయర్‌కైనా ముఖ్యం. చట్టం ఎందుకు పెట్టారు, ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్న లెక్కలు చెప్పాల్సిన పని అతనిది కాదు. ఆ పని సర్కారుది.

మరి సర్కారుకు చెప్పాల్సిన రూలు లేదా?

ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 27ఏ అని ఒకటుంది. కేసులో రాజ్యాంగానికి సంబంధించిన పెద్ద ప్రశ్న తలెత్తితే, కేంద్రానికి సంబంధించినదైతే అటార్నీ జనరల్‌కు, రాష్ట్రానికి సంబంధించినదైతే అడ్వకేట్ జనరల్‌కు నోటీసు వెళ్లాలి. అప్పటిదాకా కోర్టు ఆ ప్రశ్న తేల్చకూడదు. అలాగే ధర్మవరం లాంటి ఊళ్లో ఉన్న కింది కోర్టు ఒక చట్టాన్ని తానే కొట్టేయలేదు. చెల్లదనిపిస్తే సెక్షన్ 113 కింద హైకోర్టుకు పంపాలి.

కాబట్టి సర్కారును పిలవాలని రూలు ఉంది. వచ్చిన సర్కారు చట్టాన్ని సమర్థించి తీరాలన్న రూలు మాత్రం లేదు. అటార్నీ జనరల్ పదవి గురించి చెప్పే ఆర్టికల్ 76, అడ్వకేట్ జనరల్ గురించి చెప్పే ఆర్టికల్ 165 చదివితే, సర్కారుకు న్యాయ సలహా ఇవ్వాలి, అప్పగించిన న్యాయపరమైన పనులు చేయాలి అని ఉంటుంది. ప్రతి చట్టాన్నీ కాపాడండి అని ఎక్కడా లేదు.

ఇంకో మాట. కోర్టులో నల్లకోటు వేసుకుని నిలబడే పెద్దాయన సొంత అభిప్రాయం ఇక్కడ లెక్కలోకి రాదు. అఫిడవిట్ వచ్చేది మంత్రిత్వ శాఖ నుంచి. నోరు లాయర్‌ది, మాట ఢిల్లీ సచివాలయానిది. "సర్కారు లాయర్ సమర్థించాలా" అని అడుగుతున్నామంటే, అడుగుతున్నది నిజానికి మంత్రివర్గాన్నే.

కేంద్రం ఒక్కో కేసులో ఒక్కో తీరు

గత పదిహేనేళ్లలో కేంద్రం చూపించిన తీర్లు చూస్తే, ఏదో ఒక పద్ధతి ప్రకారం నడుస్తోందని అనుకోవడం కష్టం.

వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే ఐపీసీ 497ను కేంద్రం గట్టిగా సమర్థించింది. పెళ్లి అనే వ్యవస్థ పవిత్రత నిలబడాలంటే అది ఉండాలని వాదించింది. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ట్రిపుల్ తలాక్ కేసులో దీనికి రివర్స్. 2017లో అప్పటి అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ ఆ ఆచారాన్ని సమర్థించలేదు సరికదా, తలాక్ పద్ధతులన్నీ కొట్టేసినా సరే, కొత్త చట్టం మేమే తెస్తామని కోర్టుకు చెప్పారు. అయితే అక్కడ రెండో వైపు ఖాళీగా లేదు. ముస్లిం పర్సనల్ లా బోర్డు తరఫున కపిల్ సిబల్ వాదించారు. రెండు పక్షాల మాటా కోర్టు విన్నది. ఆగస్టు 22న 3:2 మెజారిటీతో తీర్పు వచ్చింది.

భార్యపై భర్త బలవంతం అత్యాచారం కిందకు రాదన్న మినహాయింపు కేసు ఇంకో రకం. ఢిల్లీ హైకోర్టులో కేంద్రం 2017లో మినహాయింపును సమర్థించింది. తర్వాత 2022లో రాష్ట్రాలతో సంప్రదిస్తున్నాం, టైమ్ కావాలని అడిగింది. ఎటూ తేల్చి చెప్పలేదు. ఇక ఆగలేమని కోర్టు తీర్పు రిజర్వ్ చేసింది. కోర్టు తనకు సాయంగా పెట్టుకున్న ఇద్దరు సీనియర్ లాయర్లూ మినహాయింపు పోవాల్సిందేనన్నారు. దాన్ని ఉంచాలని వాదించే బరువు పురుషుల సంఘాల మీద పడింది. దేశం మొత్తానికి వర్తించే చట్టాన్ని కోర్టులో మోయాల్సింది ఒక సంఘమా? 2022 మే 11న ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా తీర్పు ఇచ్చారు. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2024 అక్టోబర్‌లో కేంద్రం మళ్లీ మినహాయింపు ఉండాల్సిందేనని అఫిడవిట్ వేసింది.

అన్నిటికన్నా విడ్డూరం సెక్షన్ 377 కేసు. అది పెళ్లి చట్టం కాదు గానీ ఈ ప్రశ్నకు దగ్గరి చుట్టం. 2009లో ఢిల్లీ హైకోర్టు స్వలింగ సంబంధాలు నేరం కాదన్నప్పుడు కేంద్రం అప్పీలుకు వెళ్లలేదు. ప్రైవేటు వ్యక్తులు, సంస్థలు వెళ్లాయి. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో కేంద్రం తరఫున ఓ అడిషనల్ సొలిసిటర్ జనరల్ నిలబడి ఇది అనైతికమని వాదించారు. ఆ వాదన తమది కాదని హోం శాఖ వెంటనే చేతులు దులుపుకుంది! ఢిల్లీ హైకోర్టు తీర్పులో తప్పు లేదనే తమ వైఖరిని చివరికి అటార్నీ జనరల్ వచ్చి చెప్పాల్సి వచ్చింది. అయినా 2013 డిసెంబర్‌లో ప్రైవేటు అప్పీళ్లే గెలిచాయి, సెక్షన్ తిరిగొచ్చింది. 2018లో కేంద్రం ఈ విషయం కోర్టు విజ్ఞతకే వదిలేస్తున్నామంది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో కోర్టు పెద్దల పరస్పర ఇష్టంతో జరిగే సంబంధాలను నేరం పరిధి నుంచి తప్పించింది.

హైదరాబాద్ జంట కేసు.. ఏపీ సర్కారు లేఖ

తెలుగు రాష్ట్రాలకు నేరుగా తగిలిన కేసు 2022 నవంబర్‌లో మొదలైంది. హైదరాబాద్‌లో ఉంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు యువకులు 2021 డిసెంబర్‌లో బంధుమిత్రుల మధ్య పెళ్లి వేడుక చేసుకున్నారు. చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద తమ పెళ్లికి గుర్తింపు ఇవ్వాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇన్సూరెన్స్, ఆస్పత్రిలో సంతకం, వారసత్వం.. పెళ్లి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఆలోచించాల్సిన పనే లేని విషయాలన్నీ ఇలాంటి జంటలకు సమస్యలే.

ఈసారి కేంద్రం తటపటాయించలేదు. భారతీయ కుటుంబ భావన అంటే భర్త, భార్య, పిల్లలు అని 2023 మార్చిలో అఫిడవిట్ వేసింది. సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా ఇది పార్లమెంట్ తేల్చాల్సిన విషయమని వాదించారు. ఏప్రిల్ 18న విచారణ మొదలైన రోజే కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడుగుతూ లేఖలు రాసింది. మే నెలలో ఆ వివరాలు కోర్టుకు ఇచ్చింది. ఏడు రాష్ట్రాలు స్పందించాయి. మహారాష్ట్ర, యూపీ, మణిపూర్, సిక్కిం టైమ్ అడిగాయి. వ్యతిరేకించినవి మూడే: రాజస్థాన్, అస్సాం, ఆంధ్రప్రదేశ్.

ఏపీ సర్కారు వివిధ మతాల పెద్దల్ని అడిగి, వాళ్లు వద్దన్నారు కాబట్టి తామూ వ్యతిరేకమని తెలిపింది. వ్యతిరేకించే హక్కు సర్కారుకు ఉంది, అందులో అనుమానం లేదు. పెళ్లి అనేది ఉమ్మడి జాబితాలోని అంశం, రాష్ట్రానికీ మాట్లాడే అధికారం ఉంది. కానీ ప్రత్యేక వివాహ చట్టం అంటేనే మతంతో పని లేకుండా చేసుకునే పెళ్లి. దాని మీద మత పెద్దల మాటే ఆధారం అయినప్పుడు, రిజిస్ట్రార్ ఆఫీసుల లెక్కలో, లా డిపార్ట్‌మెంట్ అభిప్రాయమో, ఈ పెళ్లి కోరుకునే వాళ్ల గోడో కూడా ఆ లేఖకు తోడు ఉండాలి కదా. ఒక చట్టాన్ని కాపాడుతున్నాం అని చెప్పడం వేరు, ఎందుకు కాపాడుతున్నామో చెప్పగలగడం వేరు.

2023 అక్టోబర్ 17న ఐదుగురు జడ్జీల తీర్పు వచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో ఐదుగురూ ఒక్కటే. పెళ్లి కాకపోయినా కలిసి జీవించే బంధానికి సర్కారు గుర్తింపు ఇవ్వాలా అన్న దగ్గర 3:2గా విడిపోయారు. కాదన్న ముగ్గురిలో తెలంగాణ హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా పనిచేసిన హిమా కోహ్లీ, హైదరాబాద్‌కు చెందిన, గతంలో కేంద్రం తరఫున అడిషనల్ సొలిసిటర్ జనరల్‌గా ఉన్న పి.ఎస్. నరసింహ ఉన్నారు. 2025 జనవరి 9న రివ్యూ పిటిషన్లనూ కోర్టు కొట్టేసింది.

ఒక విషయం మాత్రం ఆ జంటలకు మిగిలింది. రేషన్ కార్డు, బ్యాంకు అకౌంటు లాంటి ఇబ్బందులు చూడటానికి కేబినెట్ సెక్రటరీ ఆధ్వర్యంలో కమిటీ వేస్తామని విచారణ నడుస్తుండగానే సొలిసిటర్ జనరల్ మాట ఇచ్చారు. 2024 ఏప్రిల్‌లో కమిటీ వేశారు. చట్టాన్ని సమర్థించడానికి సర్కారు లాయర్ కోర్టుకు వచ్చి నిలబడ్డాడు కాబట్టే జడ్జీలు అతన్ని ఎదురు ప్రశ్నలు అడగగలిగారు, ఆ మాట బయటకు వచ్చింది. సర్కారు మౌనంగా ఉంటే నిలదీయడానికి కూడా మనిషి దొరకడు.

అమెరికాలో "సమర్థించం" అన్నారు

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలో ఈ ప్రశ్న పెద్ద రాజకీయ గొడవే అయింది. పెళ్లి అంటే ఆడామగా మధ్యే అని చెప్పే డోమా చట్టం అక్కడ 1996లో వచ్చింది. ఎడిత్ విండ్సర్ అనే వృద్ధురాలి భాగస్వామి చనిపోతే, ఆ పెళ్లిని కేంద్రం గుర్తించనందుకు 3,63,053 డాలర్ల ఎస్టేట్ ట్యాక్స్ కట్టాల్సి వచ్చింది. ఆమె కేసు వేశారు. 2011 ఫిబ్రవరి 23న అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్, ఈ చట్టంలోని సెక్షన్ 3ని ఇక కోర్టులో సమర్థించబోమని పార్లమెంట్‌కు, అంటే కాంగ్రెస్‌కు లేఖ రాశారు. అమలు మాత్రం ఆపలేదు. కోర్టు తేల్చేదాకా పన్ను వసూలు చేస్తూనే ఉన్నారు. ప్రతినిధుల సభ ఊరుకోకుండా పాల్ క్లెమెంట్ అనే మాజీ సొలిసిటర్ జనరల్‌ను పెట్టి తనే వాదించుకుంది. 2013 జూన్ 26న 5:4తో సెక్షన్ పోయింది. ఆ తీర్పు తర్వాతే స్వలింగ జంటల్లోని భాగస్వామికి హెచ్4 లాంటి వీసాలకు అర్హత వచ్చింది.

అదే రోజు కాలిఫోర్నియా కేసులో ఇంకో చిక్కు కనిపించింది. అక్కడ ప్రజలు ఓటేసి తెచ్చుకున్న వివాహ నిబంధనను రాష్ట్ర గవర్నర్, అటార్నీ జనరల్ ఇద్దరూ సమర్థించలేదు. దాన్ని ప్రతిపాదించిన వాళ్లు అప్పీలుకు వస్తే, మీకు ఆ అర్హత లేదని సుప్రీంకోర్టు పంపేసింది. సర్కారు నోరు మూసుకోవడంతోనే లక్షల ఓట్లతో వచ్చిన నిబంధన ఎగిరిపోయింది. ఆ నిబంధన మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెడితే, ఇదే కిటుకు రేపు నచ్చిన చట్టం మీద ప్రయోగిస్తే ఏంటి పరిస్థితి? సర్కారు మారగానే కోర్టులో మాట మారడం మన రాష్ట్రంలో చూడనిదేం కాదు.

మరి మన దగ్గర ఏం చేయాలి?

అమెరికా ఉదాహరణ ఇక్కడ నేరుగా అతకదు. అక్కడ ప్రెసిడెంట్ వేరు, కాంగ్రెస్ వేరు. చట్టం తప్పని హోల్డర్‌కు అనిపించినా దాన్ని రద్దు చేసే బలం ఆయన ప్రభుత్వానికి లేదు. అందుకే కోర్టులో చేతులెత్తేసింది. మన దగ్గర సర్కారు నిలబడేదే లోక్‌సభ మెజారిటీ మీద. ఒక పెళ్లి చట్టం తప్పని నిజంగా అనిపిస్తే సవరణ బిల్లు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ట్రిపుల్ తలాక్ మీద 2019లో చట్టం తెచ్చింది అలాగే కదా. అందుకే, ఢిల్లీలో మెజారిటీ ఉన్న సర్కారు "కోర్టు విజ్ఞతకు వదిలేస్తున్నాం" అన్నప్పుడు, అది నిజాయతీ కన్నా తప్పించుకోవడం లాగే కనిపిస్తుంది. తిట్లు పడితే కోర్టుకు, మెప్పు వస్తే సర్కారుకు.

కాబట్టి సమర్థించాలని బలవంతం అక్కర్లేదు. కానీ మాట్లాడటం తప్పనిసరి కావాలి. సమర్థిస్తే కారణాలు, లెక్కలు పెట్టాలి. సమర్థించకపోతే ఆ మాట తొలి అఫిడవిట్‌లోనే రాతపూర్వకంగా చెప్పాలి, సవరణ ఎప్పుడు పెడతారో చెప్పాలి, చట్టం వైపు వాదించడానికి కోర్టు ఒక సీనియర్ లాయర్‌ను పెట్టుకునేంత టైమ్ ఇవ్వాలి. భార్యపై బలవంతం కేసులోలా ఏళ్ల తరబడి "టైమ్ కావాలి" అనడం అన్నిటికన్నా చెడ్డది. టైమ్ పోయేది సర్కారుది కాదు.

సెక్షన్ 9 సంగతే చూడండి. ఈ నిబంధనను మనకిచ్చిన ఇంగ్లండ్ 1970లో చట్టం చేసి తీసేసుకుంది. 2017లో ప్రైవసీ ప్రాథమిక హక్కని తొమ్మిది మంది జడ్జీలు చెప్పాక చౌదరి వాదనకు మళ్లీ ఊపిరి వచ్చింది. 2019లో గుజరాత్ నేషనల్ లా యూనివర్సిటీ విద్యార్థులు సుప్రీంకోర్టులో పిటిషన్ వేస్తే, అది ముగ్గురు జడ్జీల బెంచ్‌కు వెళ్లింది. కొట్టేసిన హైకోర్టు తీర్పుకు నలభై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లలో ఢిల్లీలో అన్ని రంగుల సర్కార్లూ వచ్చి వెళ్లాయి. ఏ ఒక్కటీ దీన్ని తీసేస్తామని బిల్లు గెలిపించుకోలేదు.

ఇప్పుడు సెక్షన్ 9 నోటీసు వస్తే?

భయపడి పుట్టింట్లో దాచిపెట్టాల్సిన కాగితం కాదది. వెంటనే లాయర్‌కు చూపించి కోర్టులో జవాబు వేయాలి. పట్టించుకోకుండా వదిలేస్తే అవతలివాళ్లు చెప్పిందే విని డిక్రీ ఇచ్చేస్తారు. కొట్టడం, కట్నం కోసం వేధించడం లాంటి సరైన కారణం ఉంటే విడిగా ఉండటం తప్పు కాదు, ఆ సంగతి కోర్టుకు చెప్పుకోవాలి.

డిక్రీ వచ్చినా పోలీసులు వచ్చి తీసుకెళ్లి అత్తింట్లో దింపరు. ఆస్తి జప్తు దాకా వెళ్లొచ్చు. డిక్రీ వచ్చాక ఏడాది పాటు కలిసి ఉండకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగొచ్చు. నిజానికి చాలామంది ఈ కేసు వేసేది ఆ ఏడాది కోసమే. మనోవర్తి ఎగ్గొట్టడానికి వేసేవాళ్లూ ఉన్నారు. అయితే సరైన కారణం ఉన్న భార్యకు, డిక్రీని పాటించలేదన్న ఒక్క సాకుతో మనోవర్తి ఆపడం కుదరదని సుప్రీంకోర్టు 2025 జనవరి 10న స్పష్టం చేసింది.